'జాయిన్ అప్': ఒక ఆంగ్ల క్రియ, ఒక యుద్ధం, ఒక సంతకం



మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఆంగ్లంలో రాసిన పుస్తకాలు, సైనికుల ఉత్తరాలు, దినచర్యలు చదివేటప్పుడు మీకు ఒక చిన్న క్రియ పదేపదే ఎదురవుతుంది. అది 'జాయిన్ అప్'. నిఘంటువు తెరిస్తే 'సైన్యంలో చేరు' అని అర్థం ఉంటుంది. ఆ అర్థం తప్పు కాదు. కాని దానితో సరిపెట్టుకుంటే ఆ మాటలో దాగిన చరిత్రలో సగం మనకు దక్కదు. 1914లో బ్రిటిష్ సైన్యంలోకి వెళ్లిన యువకుడు, 1917లో వెళ్లిన యువకుడు ఒకే ఖాకీ బట్టలు వేసుకున్నారు, ఒకే రకం కందకాల్లో నిలబడ్డారు, ఒకే రకం తుపాకీ పట్టారు. అయినా మొదటివాడు తనంతట తాను చేరాడు. రెండోవాడిని చాలా సందర్భాల్లో చట్టం చేర్చింది. తెలుగులో 'చేరాడు', 'చేర్చారు' అనే రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో, ఆ ఇద్దరి మధ్యా అంత దూరం ఉంది.

ఈ పాఠంలో ముందు మాట నిర్మాణం చూద్దాం, తరవాత ఆ మాట వెనక ఉన్న సంఘటనలు చూద్దాం. మొదటి భాగం మీకు చరిత్ర తరగతిలోకి దారి తప్పి వచ్చిన వ్యాకరణ పాఠంలా అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. అది అర్థమైతే తప్ప రెండో భాగంలోని తగవు అర్థం కాదు.

మాట ఎలా ఏర్పడింది?

ఆంగ్లంలో ఒక మామూలు క్రియకు 'అప్', 'ఇన్', 'ఆఫ్' వంటి చిన్న మాట తోడైతే కొత్త అర్థం పుడుతుంది. ఇలాంటి జంటలను ఫ్రేజల్ వెర్బ్‌లు అంటారు. 'గివ్' అంటే ఇవ్వడం, 'గివ్ అప్' అంటే వదులుకోవడం. 'అప్' అంటే 'పైకి' అని మనం బడిలో నేర్చుకున్నాం కాబట్టి, 'జాయిన్ అప్'లో పైకి వెళ్లేది ఏమిటి అని సంపర్క తరగతుల్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మంచి ప్రశ్నే. ఇక్కడ పైకి వెళ్లేది ఏమీ లేదు. 'ఈట్ అప్' అంటే మిగల్చకుండా తినేయడం, 'యూజ్ అప్' అంటే అంతా వాడేయడం. పని పూర్తిగా జరిగిపోయిందనే ధ్వని ఈ 'అప్'లో ఉంటుంది. తెలుగులో ఈ పనిని మనం క్రియ చివర 'వేయు', 'పోవు' చేర్చి సాధిస్తాం. 'తిన్నాడు' వేరు, 'తినేశాడు' వేరు. 'చేరాడు' వేరు, 'చేరిపోయాడు' వేరు. పోలిక అచ్చంగా సరిపోదు గాని, 'జాయిన్ అప్' విన్నప్పుడు ఆంగ్లేయుడి చెవికి తగిలే ముగింపు ధ్వని ఏమిటో 'చేరిపోయాడు' అనే మాట కొంతవరకు పట్టిస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 'జాయిన్' ఒంటరిగా వచ్చినప్పుడు దేనిలో చేరారో సాధారణంగా చెప్పాలి: సైన్యమా, సంఘమా, కళాశాలా అని. 'జాయిన్ అప్' అన్నప్పుడు ఆ అవసరం లేదు. వాక్యం అక్కడితో ఆగిపోవచ్చు. 'మా తమ్ముడు జాయిన్ అప్ అయ్యాడు' అన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం వింటే, ఆ కాలపు బ్రిటన్‌లో 'దేనిలో?' అని అడిగేవాళ్లు ఉండరు. సైన్యంలోనో నౌకాదళంలోనో అని అందరికీ తెలుసు. ఒక క్రియకు కర్మ అక్కరలేకపోయిందంటే, ఆ కాలంలో చేరదగినది అదొక్కటే అన్నట్టు జనం మాట్లాడుకున్నారని అర్థం. మన ఇళ్లలో కూడా ఇలాంటిది ఒకటి ఉంది గమనించారా? 'మీ వాడు జాయినయ్యాడా?' అని పక్కింటివాళ్లు అడిగితే దేనిలో అని మనం అడగం. ఉద్యోగంలో అని మనకు తెలుసు. 'నిన్న రాత్రి జాయిన్ చేశారు' అంటే ఆసుపత్రిలో అని తెలుసు. ఏ సమాజానికి ఏ చేరిక పెద్దదో ఇలా మాటల్లో బయటపడుతుంది.

ఇక్కడే మరికొన్ని వాడుకలు తెలుసుకుని ముందుకు పోదాం. రెండు బృందాలు వచ్చి కలిస్తే 'జాయిన్ అప్ విత్' అంటారు. విడివిడి ముక్కలను అతికించడానికి కూడా 'జాయిన్ అప్' వాడతారు. బ్రిటన్‌లో బడిపిల్లలు అక్షరాలు కలిపి రాయడం నేర్చుకుంటే దాన్ని 'జాయిన్డ్ అప్ రైటింగ్' అంటారు. 1997లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం వచ్చాక, శాఖలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే పాలనకు 'జాయిన్డ్ అప్ గవర్నమెంట్' అనే మాట ప్రచారంలోకి వచ్చింది. 'జాయిన్ ఇన్' దీనికి భిన్నం. పాటలోనో ఆటలోనో నలుగురితో పాటు పాల్గొనడాన్ని అలా అంటారు. మన విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. 'కాలేజీలో చేరాను' అనే తెలుగు వాక్యంలోని 'లో'ను అలాగే ఆంగ్లంలోకి తీసుకెళ్లి 'ఐ జాయిన్డ్ ఇన్ ది కాలేజ్' అని రాస్తారు. ఆంగ్లంలో ఆ 'ఇన్' అక్కరలేదు. 'ఐ జాయిన్డ్ ది కాలేజ్' అంటే చాలు.

1914 ఆగస్టు: వరసలో నిలబడ్డవాళ్లు

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. అప్పటికి జర్మనీ, ఫ్రాన్స్, రష్యాలలో నిర్బంధ సైనిక సేవ ఉంది. వయసు వచ్చిన యువకుడు కొంతకాలం సైన్యంలో పనిచేసి తీరాలి. బ్రిటన్‌లో ఆ పద్ధతి లేదు. దాని బలం నౌకాదళం. భూసైన్యం చిన్నది, సుమారు రెండున్నర లక్షల మంది జీతగాళ్లు. అందులోనూ చాలా మంది మన దేశంతో సహా సామ్రాజ్యమంతటా కాపలా పనిలో ఉన్నారు. 'నిర్బంధంగా సైన్యంలోకి లాక్కుపోవడం ఇతర దేశాల పద్ధతి, మాది కాదు' అనేది బ్రిటిష్ రాజకీయాల్లో దాదాపు ఒక సిద్ధాంతంగా ఉండేది.

ఆగస్టు 5న లార్డ్ కిచెనర్ యుద్ధ మంత్రి అయ్యాడు. మన విద్యార్థులకు ఈయన పేరు కొత్త కాదు. 1902 నుంచి 1909 వరకు భారతదేశంలో సర్వసేనానిగా ఉండి వైస్రాయి కర్జన్‌తో గొడవపడినవాడు ఈయనే. క్రిస్మస్ నాటికి యుద్ధం ముగుస్తుందని చాలా మంది అనుకుంటుండగా, ఇది ఏళ్ల తరబడి సాగుతుందని ఆయన అంచనా వేశాడు. ఆగస్టు 7న లక్ష మంది స్వచ్ఛంద సైనికులు కావాలని పిలుపునిచ్చాడు. మూడేళ్లు, లేదా యుద్ధం ముగిసేవరకు సేవ చేయాలన్నది షరతు. సెప్టెంబరు 3న ఒక్కరోజే 33,000 మందికి పైగా చేరారు. సెప్టెంబరు చివరికి ఆ సంఖ్య ఏడున్నర లక్షలు దాటింది. ఇంత మందికి బట్టలు, తుపాకులు, పడక చోటు లేక, రద్దీ తగ్గించడానికి ప్రభుత్వం కనీస ఎత్తును 5 అడుగుల 3 అంగుళాల నుంచి 5 అడుగుల 6 అంగుళాలకు పెంచింది. తరవాత మళ్లీ తగ్గించక తప్పలేదు. చివరకు 5 అడుగుల 3 అంగుళాల కంటే పొట్టివాళ్ల కోసం బర్కెన్‌హెడ్‌లో 'బాంటమ్' పటాలాలు కూడా పుట్టాయి.

చేరడం అంటే ఏం జరిగేదో ఒకసారి మనసులో చూడండి. ఊళ్లో టౌన్ హాలులోనో బడిలోనో భర్తీ కేంద్రం ఉంటుంది. వరసలో నిలబడాలి. డాక్టరు ఎత్తు, ఛాతీ, కళ్లు, పళ్లు చూస్తాడు. వయసు అడుగుతారు. జనన పత్రం చూపమని సాధారణంగా అడగరు కాబట్టి, వయసు చాలని పిల్లలు వేల సంఖ్యలో అబద్ధం చెప్పి లోపలికి వెళ్లారు. తరవాత అటెస్టేషన్ పత్రంలోని ప్రశ్నలకు జవాబులు చెప్పి సంతకం చేయాలి. రాజుకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేయాలి. చేతిలో ఒక షిల్లింగు పెట్టేవారు. పాత ఆచారం ప్రకారం దాన్ని 'రాజుగారి షిల్లింగు' అనేవారు. ఆ సంతకం పడిన క్షణం నుంచి అతడు సైనిక చట్టం కిందికి వస్తాడు. 'జాయిన్ అప్' అనే మాటలోని 'అప్' ఆ క్షణాన్నే సూచిస్తుందని నాకు అనిపిస్తుంది. అంతకు ముందు అతడు వరసలోంచి తప్పుకొని ఇంటికి పోవచ్చు. ఆ తరవాత పోతే పారిపోయినవాడవుతాడు.

ఎందుకు చేరారు అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. దేశభక్తి ఉంది. బెల్జియంపై జర్మనీ దాడి చేసిందన్న కోపం ఉంది. గనిలోనో మిల్లులోనో జీవితమంతా గడపబోయే కుర్రాడికి ఊరు దాటి చూసే అవకాశం ఉంది. యుద్ధం మొదలైన వారాల్లో చాలా మిల్లుల్లో పని ఆగిపోయింది. పని లేనివాడికి రోజుకు ఒక షిల్లింగు జీతం, కుటుంబానికి భత్యం చిన్న విషయం కాదు. పరీక్షల్లో ఈ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు విద్యార్థులు 'దేశభక్తి' అన్న ఒక్క మాటతో పేరా ముగిస్తారు. అలా రాయకండి. ఆకలి కూడా ఒక కారణమని రాసినంత మాత్రాన ఎవరి దేశభక్తికీ లోటు రాదు.

అన్నిటికంటే బలంగా పనిచేసింది స్నేహం. కలిసి చేరినవాళ్లను విడదీయకుండా కలిపే ఉంచుతామన్న ఆలోచనను లివర్‌పూల్‌లో లార్డ్ డెర్బీ 1914 ఆగస్టు చివర్లో ప్రచారం చేశాడు. కొద్ది రోజుల్లోనే ఆ నగరపు ఆఫీసు గుమాస్తాలతో పటాలాలు నిండాయి. వీటికి 'పాల్స్' పటాలాలని పేరు వచ్చింది. నేస్తుల పటాలాలు అనుకోండి. ఒకే వీధి, ఒకే మిల్లు, ఒకే ఫుట్‌బాల్ జట్టు వాళ్లంతా ఒకే పటాలంలో చేరారు. 'జాయిన్ అప్'కు ఉన్న రెండు అర్థాలు, సైన్యంలో చేరడం, ఒకరితో ఒకరు కలవడం, ఇక్కడ ఒకటైపోయాయి.

లాంకషైర్‌లోని అక్రింగ్టన్ అనే మిల్లుల పట్టణం, చుట్టుపక్కల ఊళ్లు కలిసి ఇలా ఒక పటాలాన్ని నింపాయి. 1916 జులై 1న, సొమ్ యుద్ధం మొదటి రోజున, సేర్ అనే గ్రామం ఎదుట ఆ పటాలం కందకాల్లోంచి లేచి ముందుకు నడిచింది. దాడిలో పాల్గొన్న సుమారు 700 మందిలో 580 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా కనిపించకుండా పోయారు. ఎక్కువ నష్టం మొదటి అరగంటలోనే జరిగింది. ఆ ఒక్కరోజు బ్రిటిష్ సైన్యం మొత్తం నష్టం 57,470 మంది. వారిలో చనిపోయినవాళ్లు 19,240. మామూలు పటాలమైతే ఆ దుఃఖం దేశమంతటా పంచుకోబడేది. నేస్తుల పటాలం కాబట్టి ఒకే వీధిలో వరస ఇళ్లకు కబురు వచ్చింది. కలిసి చేరినవాళ్లను కలిపే ఉంచుతామన్న మాటను ప్రభుత్వం నిలబెట్టుకుంది. దాని ఫలితం ఏమిటో ఆ మాట ఇచ్చిన రోజున ఎవరూ ఊహించలేదు. కొత్తగా ఇలాంటి పటాలాలు కట్టడం ఆ తరవాత ఆగిపోయింది.

ఈకలు, పోస్టర్లు, చేతి పట్టీలు

'తనంతట తాను చేరాడు' అన్నప్పుడు మనం ఒక సంగతి మరవకూడదు. చుట్టూ ఉన్న సమాజం ఊరకే కూర్చోలేదు. కిచెనర్ వేలు చూపే బొమ్మను ఆల్ఫ్రెడ్ లీట్ అనే చిత్రకారుడు గీయగా, 1914 సెప్టెంబరు 5న 'లండన్ ఒపీనియన్' పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. తరవాత పోస్టరు అయింది. గోడ మీది ఆ వేలు వీధిలో పోయే ప్రతివాడి వైపూ చూపుతున్నట్టే ఉంటుంది. అంతకు వారం ముందే, ఆగస్టు 30న, ఫోక్‌స్టన్ పట్టణంలో అడ్మిరల్ ఫిట్జెరాల్డ్ కొందరు స్త్రీలను పోగుచేసి, మామూలు బట్టల్లో కనిపించిన యువకుల చేతికి తెల్ల ఈక ఇప్పించే పని మొదలుపెట్టాడు. తెల్ల ఈక పిరికితనానికి గుర్తు. సెలవు మీద ఇంటికొచ్చి మామూలు బట్టలు వేసుకున్న సైనికులకూ, గాయపడి తిరిగివచ్చినవాళ్లకూ కూడా ఈ ఈకలు అందాయి. ఈ అవమానం ఎంత దూరం పోయిందంటే, గాయం వల్లనో జబ్బు వల్లనో సైన్యం నుంచి విడుదలైనవాళ్లు కోటుకు పెట్టుకోవడానికి 1916 సెప్టెంబరులో ప్రభుత్వం వెండి బ్యాడ్జీ ఇవ్వాల్సి వచ్చింది.

1915 నాటికి చేరేవాళ్ల సంఖ్య తగ్గింది. ఆగస్టులో జనాన్నంతా రిజిస్టరులో ఎక్కించారు. ఎవరు చేరలేదో ఇప్పుడు ప్రభుత్వానికి పేరుపేరునా తెలుసు. అదే ఏడాది అక్టోబరులో డెర్బీ పథకం వచ్చింది. దాని ప్రకారం యువకుడు వెంటనే సైన్యంలోకి వెళ్లనక్కరలేదు. పిలిచినప్పుడు వస్తానని ప్రమాణం చేసి ఇంటికి పోవచ్చు. అలా చేసినవాడికి రాజ కిరీటం గుర్తు ఉన్న ఖాకీ చేతి పట్టీ ఇచ్చారు. ఇతడు 'చేరినవాడా', 'చేరనివాడా'? మన క్రియ ఇక్కడ తడబడుతుంది. పెళ్లికాని యువకుల్లో లక్షలాది మంది ఆ పట్టీ కూడా కట్టుకోలేదు. దానితో ప్రభుత్వం చట్టం వైపు మళ్లింది.

'చేరినట్టుగా భావించాలి'

1916 జనవరిలో మిలిటరీ సర్వీస్ చట్టం ఆమోదం పొందింది. ఈ పాఠంలో మీరు నిదానంగా చదవవలసిన భాగం ఇదే.

18 నుంచి 41 ఏళ్ల మధ్య వయసున్న, పెళ్లికాని పురుషులను మార్చి 2 నుంచి సైన్యంలో విధిగా చేరినవాళ్లుగా 'భావించాలి' అని ఆ చట్టం చెప్పింది. 'రావాలి', 'చేరాలి' అని ఆజ్ఞాపించలేదు. వాళ్లు అప్పటికే చేరారని నిర్ణయించేసింది. వరస లేదు, డాక్టరు లేడు, ప్రమాణం లేదు, సంతకం లేదు. మార్చి 1 రాత్రి మామూలు పౌరుడిగా పడుకున్నవాడు మర్నాడు చట్టం దృష్టిలో సైనికుడిగా నిద్రలేచాడు. పిలుపు కాగితం వచ్చాక హాజరు కాకపోతే అతడు రానివాడు కాడు, పారిపోయిన సైనికుడు. స్వచ్ఛంద సేవ మీద అంత గర్వం ఉన్న దేశం, నిర్బంధం తెచ్చినప్పుడు కూడా 'చేరాడు' అనే మాటను వదులుకోలేకపోయింది. మాట ఉంచి, మనిషి ఇష్టాన్ని తీసేసింది. అదే ఏడాది మే నెలలో పెళ్లయినవాళ్లకు కూడా చట్టాన్ని విస్తరించారు.

ఈ ఒక్క మాట మీద ప్రాణాల మీదికి వచ్చిన తగవు నడిచింది. మనస్సాక్షి అంగీకరించక యుద్ధం చేయనన్నవాళ్లు సుమారు 16,000 మంది. వీళ్ల విజ్ఞప్తులు వినడానికి ఊరూరా ట్రిబ్యునళ్లు పెట్టారు. కొందరికి పూర్తి మినహాయింపు దొరికింది, చాలా మందికి ఆయుధం పట్టని పని అప్పగించారు. కొందరు ఏ పనీ చేయమన్నారు. 'మేం సైన్యంలో చేరలేదు, కాబట్టి సైనిక ఆజ్ఞలు మాకు వర్తించవు' అన్నది వాళ్ల వాదన. 'చట్ట ప్రకారం మీరు చేరారు' అన్నది సైన్యం వాదన. ఖాకీ దుస్తులు తొడుక్కోమంటే తొడుక్కోలేదు, డాక్టరు ముందు బట్టలు విప్పమంటే విప్పలేదు. యార్క్‌షైర్‌లోని రిచ్‌మండ్ కోటలో ఇలా బంధించిన 16 మంది కథ ప్రసిద్ధం. ఆ కోట గదుల గోడల మీద ఖైదీలు పెన్సిలుతో రాసిన రాతలు, గీసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

1916 వేసవిలో ఇలాంటి కొందరిని సైన్యం ఫ్రాన్స్‌కు తరలించింది. కారణం గమనించండి. యుద్ధరంగంలో ఆజ్ఞ ధిక్కరిస్తే మరణశిక్ష వేయవచ్చు. అక్కడ సైనిక న్యాయస్థానాలు 35 మందికి మరణశిక్ష విధించి, వెంటనే దాన్ని పదేళ్ల కఠిన శిక్షగా మార్చాయి. ఎవరినీ కాల్చలేదు. కాని శిక్ష చదివి వినిపించేటప్పుడు మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ మధ్య వాళ్లు నిలబడ్డ ఆ కొద్ది క్షణాలను ఊహించండి. తాము ఎన్నడూ చేరని సైన్యం తమకు మరణశిక్ష వేసింది.

యుద్ధం మొత్తం మీద బ్రిటన్‌లో స్వచ్ఛందంగా చేరినవాళ్లు, చట్టం కింద పిలవబడినవాళ్లు దాదాపు సగం సగం. ఒక్కో వైపు సుమారు 25 లక్షలు. మామూలు జనం మాత్రం ఈ తేడాను మాటలో నిలబెట్టుకున్నారు. చట్టం ఎంత 'చేరాడు' అన్నా, జనం తమ మాటల్లో పిలిపించబడినవాడిని 'కాల్డ్ అప్' అన్నారు. అదే 'అప్', కాని క్రియ మారింది. కర్త కూడా మారాడు. 'జాయిన్ అప్'లో పని చేసేది యువకుడు. 'కాల్ అప్'లో పని చేసేది రాజ్యం, యువకుడు ఆ పనికి లోనవుతాడు. 1939లో రెండో యుద్ధం మొదలైన రోజే బ్రిటన్ నిర్బంధ సేవా చట్టం చేసింది కాబట్టి, ఆ తరం జ్ఞాపకాల్లో 'కాల్ అప్' ముందుకు వచ్చింది. స్త్రీల విషయం వేరు. 1917లో స్త్రీల సహాయక సైనిక దళం ఏర్పడింది. దానిలోకి వచ్చినవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. అంటే, మగవాళ్లు చేర్చబడుతున్న కాలంలో ఆడవాళ్లు చేరుతున్నారు.

ఐర్లండ్‌కు 1916 చట్టం వర్తించలేదు. 1918లో వర్తింపజేయబోతే దేశమంతా ఎదురు తిరిగింది. ఆస్ట్రేలియా 1916, 1917లలో రెండుసార్లు జనాభిప్రాయం అడిగి, రెండుసార్లూ 'వద్దు' అనే జవాబు పొందింది.

మన వైపు: భర్తీ

భారతదేశంలో నిర్బంధ చట్టం రాలేదు. పది లక్షలకు మించిన భారతీయులు సముద్రం దాటి ఫ్రాన్స్, మెసపటోమియా, ఈజిప్టు, తూర్పు ఆఫ్రికాలకు వెళ్లారు. కాగితం మీద అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. వీళ్లలో పెద్ద వాటా పంజాబుది. అక్కడ లెఫ్టినెంట్ గవర్నరు మైఖేల్ ఓడ్వయ్యర్ కాలంలో జిల్లాకు ఇంత మంది కావాలని లెక్కలు కట్టారు. గ్రామ పెద్దల మీద ఒత్తిడి తెచ్చారు. హిందీ, పంజాబీలలో సైన్యంలో చేరడానికి వాడే మాట 'భర్తీ'. అది 'నింపు' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. తెలుగులో మనం 'ఉద్యోగాల భర్తీ' అనేది ఆ మాటనే. ఈ మాటను కాస్త రుచి చూడండి. 'జాయిన్ అప్' వరసలో నిలబడ్డవాడి వైపు నుంచి చెప్పిన మాట. 'భర్తీ' బల్ల వెనక కూర్చుని ఖాళీలు లెక్కపెట్టేవాడి వైపు నుంచి చెప్పిన మాట.

1918లో గాంధీజీ ఢిల్లీలో వైస్రాయి యుద్ధ సమావేశానికి వెళ్లి, ఖేడా జిల్లాలో సైనిక భర్తీకి తిరిగారు. కొద్ది నెలల ముందే అదే జిల్లా రైతులు శిస్తు సత్యాగ్రహంలో ఆయన వెంట నిలిచారు. అప్పుడు ఉచితంగా బండ్లు కట్టినవాళ్లు ఇప్పుడు కిరాయికి కూడా బండి ఇవ్వలేదని ఆయన తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు. ఆ రైతులకు ఉద్యమంలో చేరడం, సైన్యంలో చేరడం ఒకటి కాదు.

తెలుగువారి సంగతి ఇంకా పాతది. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు నుంచి బెంగాలుకు సిపాయిలను తీసుకుపోయింది. వాళ్లలో తెలుగువాళ్లు ఉండటంతో ఉత్తరాదిన కంపెనీ సిపాయికి 'తిలంగా' అనే పేరు పడింది. ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, 1857లో ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిరుగుబాటు సిపాయిలను కూడా 'తిలంగే' అన్నారు. వాళ్లలో అధికులు అవధ్, బీహారు ప్రాంతాలవాళ్లు, తెలుగు ముక్క రానివాళ్లు. తరవాత 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో దక్షిణాది వాళ్లను, అందులో తెలుగువాళ్లను తీసుకోవడం బాగా తగ్గించారు. ఎవరి పేరుతో సిపాయిని పిలిచారో వాళ్లనే యుద్ధానికి పనికిరారన్నారు. ప్రపంచ యుద్ధాలు వచ్చి మనుషుల కొరత ఏర్పడినప్పుడు ఆ సిద్ధాంతం సడలింది. రెండో యుద్ధ కాలంలో మద్రాసు రాష్ట్రం నుంచి భర్తీ పెద్ద ఎత్తున జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామాన్ని ఈనాటికీ 'మిలిటరీ మాధవరం' అంటారు. అక్కడ తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో ఉన్న కుటుంబాలు ఉన్నాయి.

ఆధారాలు చదివేటప్పుడు

1940 సెప్టెంబరులో లండన్ మీద జర్మన్ బాంబులు పడ్డప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల సేవా పత్రాలు దాచిన గిడ్డంగి కాలిపోయింది. సగానికి మించిన పత్రాలు బూడిదయ్యాయి. మిగిలినవాటిలో చాలా వాటి అంచులు మాడి, నీటికి తడిసి ఉన్నాయి. బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో వీటిని 'కాలిన పత్రాలు' అనే పేరుతోనే పిలుస్తారు. అటెస్టేషన్ పత్రం దొరకని సైనికుడు చేరాడా, చేర్చబడ్డాడా అని తెలుసుకోవడానికి చరిత్రకారుడికి చాలాసార్లు మిగిలేది అతడి ఉత్తరంలోని ఒక క్రియ. భారతీయ సైనికుల విషయంలో ఇది కూడా కష్టం. వాళ్ల ఉత్తరాలు చాలా వరకు సెన్సారు అధికారులు ఆంగ్లంలోకి మార్చి తీసుకున్న భాగాలుగానే మనకు అందాయి. అక్కడ కనిపించే 'చేరాను' అనే ఆంగ్ల క్రియ సైనికుడిది కాదు, అనువాదకుడిది.

అభ్యాసం: కింది రెండు వాక్యాలు మీ అభ్యాసం కోసం తయారు చేసినవి. ఇద్దరు బ్రిటిష్ యువకులు యుద్ధం తరవాత తమ మనవలకు చెప్పిన మాటలుగా వీటిని ఊహించుకోండి. ఒకరు: 'నేను 1915 నవంబరులో జాయిన్ అప్ అయ్యాను. కాని ఏప్రిల్ దాకా మిల్లులోనే పనిచేశాను.' మరొకరు: 'నన్ను పిలిచేలోపే నేనే వెళ్లి జాయిన్ అప్ అయ్యాను, అది 1916 ఫిబ్రవరి.' ఇద్దరూ ఒకే క్రియ వాడారు. మొదటివాడి చేతికి ఏ పట్టీ ఉండి ఉంటుంది? రెండోవాడు దేనికి భయపడి ఆ నెలలోనే వెళ్లాడు? ఒక్కొక్కరి గురించి పది వాక్యాలు రాయండి. రాసే ముందు తేదీలను 1916 మార్చి 2తో పోల్చి చూసుకోండి.